కీబోర్డు గాంధారం తంబురతో ఎందుకు కలవదు?

ప్రశ్న:
మా అమ్మాయి ఇంట్లో కీబోర్డు తోడుగా గాత్రసాధన చేస్తోంది. తంబుర దగ్గర శంకరాభరణం పాడించినప్పుడల్లా అంతర గాంధారం (ఆ రాగంలోని ‘గ’) పైకి పోతోందని గురువుగారు అంటున్నారు. షడ్జ పంచమాల (స, ప) గురించి ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు. కీబోర్డు కొత్తది, శ్రుతి తప్పే వస్తువు కాదు. మరి తేడా ఎక్కడిది?

తంబుర శ్రోత:
గురువుగారి చెవి సరైనదే, కీబోర్డూ చెడిపోలేదు. ఏ మెట్టునైనా షడ్జం చేసుకోవడానికి వీలుగా కీబోర్డులో స్థాయిని (స నుంచి పై స వరకు) పన్నెండు సమాన భాగాలు చేశారు. దానివల్ల పంచమం సహజస్థానానికి 2 సెంట్లే (ఆ సమాన భాగాల్లో ఒకదానిలో నూరో వంతు ఒక సెంటు) తగ్గుతుంది గానీ, అంతర గాంధారం దాదాపు 14 సెంట్లు పెరుగుతుంది. లెక్కకు వీలుగా షడ్జాన్ని 240 హెర్ట్జ్ అనుకుంటే శుద్ధమైన గాంధారం 300, కీబోర్డుది 302.4. తంబుర మంద్ర షడ్జపు (కింది స్థాయి స, 120) తీగలో అయిదో అనుస్వరంగా (మూల స్వరంతో పాటు సన్నగా పలికే స్వరాల్లో ఒకటిగా) ఈ గాంధారమే, ఒక స్థాయి పైన, 600 దగ్గర పలుకుతూ ఉంటుంది కాబట్టి, కీబోర్డు స్వరం (పై స్థాయిలో 604.8) దానితో కలవక సెకనుకు అయిదుసార్ల చొప్పున అదురుతుంది.

వీణ విద్యార్థి:
లెక్కతో నాకు పేచీ లేదు గానీ, అది నిలకడగా పలికే స్వరానికే వర్తిస్తుంది. తోడి రాగంలో గాంధారం ఊగే తీరు ముందు ఏ నిష్పత్తీ నిలవదు. అయినా వీణకు మేళం కట్టేవారు (మెట్లు అమర్చేవారు) మైనం మీద 24 మెట్లనూ చెవితోనే కూర్చుతారు. తీగను పక్కకు లాగితే స్వరం పెరుగుతుందే తప్ప తగ్గదు. గాంధారపు మెట్టు హెచ్చుగా కూర్చుంటే వాయించేటప్పుడు దిద్దుకునే దారి ఉండదు.

హార్మోనిస్టు:
1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించడానికి చెప్పిన కారణాల్లో ఈ స్వరస్థానాల గొడవ కూడా ఉంది. పద్యనాటకాల్లో మాత్రం మా పెట్టె లేనిదే తెర లేవదు. రీడును (పెట్టెలో స్వరం పలికే లోహపు రేకును) దాని మొదలు దగ్గర గీకి గాంధారాన్ని దించవచ్చు గానీ, ఒకటి శ్రుతికి (మొదటి తెల్లమెట్టు షడ్జమైతే) గాంధారమైన మూడో తెల్లమెట్టే ఆరు శ్రుతి (ఆరో తెల్లమెట్టు షడ్జంగా పాడే) నటుడికి పంచమం. అక్కడ అది 16 సెంట్లు తక్కువై వెంటనే పట్టిస్తుంది. అందుకే నటుడు రాగం తీస్తూ గాంధారం మీద నిలిచినప్పుడు నేను ఆ మెట్టు వదిలి షడ్జ పంచమాలే పట్టి ఉంచుతాను. మీ అమ్మాయి చేత కూడా కీబోర్డు మీద ఆ రెండే పట్టించి, గాంధారాన్ని గొంతుతోనే వెతుక్కోమనండి. పాట వరుస గుర్తుచేసుకోవడానికి కీబోర్డు వాడితే తప్పేమీ లేదు.