సమస్య: క్రొత్త దగుకొద్ది పాతదై కుంటువడియె

నిర్వాహకుడు: తేటగీతి పాదమిది. వస్తువు కంప్యూటరు అప్‌డేట్లు. నిన్న రాత్రి మా అబ్బాయి పరీక్ష ఫీజు కడుతుంటే యంత్రం తనంతట తానే ఆగి, అరగంట తర్వాత లేచింది. ఆ కోపంలో పుట్టిన పాదం.

మొదటి పూరణ (డీటీపీ మిత్రులు):

నాడు పుష్కర కాలమ్ము నన్ను గొలిచె,
నేడు మంగళవారమ్ము నిదుర చెరచె,
వలదు వలదన్న వినక తా వచ్చి చేరి
క్రొత్త దగుకొద్ది పాతదై కుంటువడియె.

నిర్వాహకుడు: "పుష్కర కాలమ్ము" సరైన లెక్క. విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చి 2014 ఏప్రిల్ దాకా మైక్రోసాఫ్ట్ మద్దతుతో నడిచింది, సర్వీస్ ప్యాకులు (పెద్ద అప్‌డేట్ల మూటలు) మూడే. మంగళవారమూ నిజమే. 2003 నుంచి నెలలో రెండో మంగళవారం లోపాలు సరిచేసే ప్యాచ్‌ల రోజు, అమెరికాలో పొద్దున విడుదలైతే మనకు రాత్రి 10.30కో 11.30కో దిగుతాయి. మూడో పాదంలోనే చిక్కు. వచ్చి చేరింది అప్‌డేటు, కుంటుపడింది యంత్రం. క్త్వార్థకానికి ("చేరి" లాంటి అసమాపక క్రియకు), వాక్యం ముగించే క్రియకు కర్త ఒక్కటే కావాలి. "వచ్చి చేర" అనండి, గణం చెడదు.

డీటీపీ మిత్రులు: సవరించుకున్నానండీ. అయినా నెలనెలా వస్తున్నందుకు కాదు నా బాధ, వద్దన్నా వస్తున్నందుకు. అప్పట్లో సీడీ తెచ్చుకుని, పని లేని ఆదివారం చూసుకుని మనమే వేసుకునేవాళ్లం.

రెండో పూరణ (కిరాణా కొట్టు సభ్యులు):

చిన్న కడుపున్న నాడది చేవ చూపె,
మేత పెంచగ పెంచగ మేను చిక్కె,
బిల్లు కొట్టెడి వేళలో బిగిసిపోయి
క్రొత్త దగుకొద్ది పాతదై కుంటువడియె.

నిర్వాహకుడు: ఎంత బాగుంది! ఎక్స్‌పీకి కనీసం 64 మెగాబైట్ల మెమరీ చాలేది, విండోస్ 11 కనీసం 4 గిగాబైట్లు అడుగుతుంది. అంటే మేత 64 రెట్లు. "బిల్లు కొట్టెడి" మార్చకండి, కొట్టులో అనే మాట అదే.

మూడో పూరణ (ఉపాధ్యాయిని):

తలుపు తాళమ్ము మార్చగ దారి లేక
దొంగ చేతి తాళపుచెవి తుప్పు పట్టె;
నేటి గొళ్ళెమ్ము మాయింట నెలనెలకును
క్రొత్త దగుకొద్ది, పాతదై కుంటువడియె.

డీటీపీ మిత్రులు: విరుపు అద్భుతమండీ, క్రొత్తది గొళ్ళెం, పాతది దొంగ చెవి! అప్‌డేట్లు దొంగలను ఆపుతాయని ఒప్పుకుంటున్నాను. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకూ సోకింది. దాన్ని ఆపే ప్యాచ్ మార్చిలోనే వచ్చేసింది.

నిర్వాహకుడు: సమస్యను తిప్పడమంటే ఇదేనమ్మా. తాళపుచెవి తుప్పు పట్టడం సహజంగా ఉంది, కుంటుపడటం మాత్రం అతకలేదు. రెండో పాదంలో చెవికి బదులు దొంగ ఎత్తునే కర్తగా పెట్టి మళ్లీ రాయండి, చూస్తాను.