పేలిందా, చితికిందా? టైటాన్‌కి జరిగినదానికి తెలుగు మాట ఏది?

అందరికీ నమస్కారం. నేను గోదావరి జిల్లాలో తెలుగు మీడియం పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఒక మాట నన్ను చాలాకాలంగా వదలడం లేదు, అందుకే ఈ చర్చ పెడుతున్నాను.

2023 జూన్ 24, శనివారం. తొమ్మిదో తరగతిలోకి వెళ్ళగానే ఒక పిల్లాడు లేచి అడిగాడు: "టీచర్, సముద్రం అడుగున పేలిపోయిందంట కదా, దాన్లో బాంబు ఎందుకు పెట్టుకున్నారు?" టైటానిక్ ఓడ శిథిలాలు చూడ్డానికి అయిదుగురితో సముద్రం అడుగుకు దిగిన చిన్న వాహనం టైటాన్ గురించి వాడు అడిగేది. వాడిలో తప్పేం లేదు. ఆ రెండు రోజులూ నేను చూసిన వార్తల్లో ఎక్కువచోట్ల "పేలిపోయింది" అనే ఉంది. పేలింది అంటే లోపల పేలేది ఏదో ఉండాలి. వాడి తర్కం వాడి భాషలోంచి వచ్చింది, సరిగ్గానే వచ్చింది.

"పేలు" అనే మన మాటలో ఎంత ఫిజిక్స్ ఉందో ఒక్కసారి చూడండి. పేలాలు ఎలా అవుతాయి? వేడి మూకుట్లో జొన్నలు పోస్తే గింజ లోపలి తేమ ఆవిరవుతుంది. పైపొర గట్టిది కాబట్టి ఆవిరికి దారి దొరకదు. లోపల ఒత్తిడి పెరిగి పెరిగి, పొర తట్టుకోలేని క్షణాన గింజ టప్పున విచ్చుకుని తెల్లగా ఉబ్బిపోతుంది. లోపలి బలం బయటకు తన్నుకురావడమే పేలడం. ఆ యేడు తొలి ఏకాదశి జూన్ 29న వచ్చింది. మా ఇంట్లో పేలాలు వేయిస్తున్నాం, టీవీలో ముందురోజు కెనడాలోని సెయింట్ జాన్స్ రేవులో టైటాన్ ముక్కలు దించుతున్న దృశ్యాలు వేస్తున్నారు. మూకుట్లో గింజలు విచ్చుకుంటుంటే, అక్కడ జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు కదా అనిపించింది.

టైటాన్‌లో గాలి మనం పీల్చే మామూలు ఒత్తిడిలోనే ఉంది. బలమంతా బయట ఉంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఇంకో వాతావరణమంత ఒత్తిడి కలుస్తుంది. జూన్ 18 ఆదివారం, దిగడం మొదలుపెట్టిన గంటన్నరకు, సుమారు 3,300 మీటర్ల దగ్గర నుంచి, తేలికపడేందుకు రెండు బరువులు వదిలామని చివరి సందేశం వచ్చింది. కొన్ని సెకన్లకే సంబంధం తెగిపోయింది. ఆ లోతులో మన రూపాయి బిళ్ళంత చోటు మీద సుమారు 1,300 కిలోల బరువు పడుతుంది. ఒక చిన్న కారును తెచ్చి రూపాయి బిళ్ళ మీద నిలబెట్టినట్టు. ఇక దాని ఒంటి మీద అలాంటి బిళ్ళలు ఎన్ని పడతాయో ఊహించుకోండి.

ఇంగ్లీషులో దీన్ని ఇంప్లోజన్ అంటారు. తెలుగులో ఏమందాం? నిఘంటువు మాట కంటే, విన్న పిల్లాడి కళ్ళ ముందు సరైన బొమ్మ కట్టే మాట కావాలి నాకు.

పాఠ్యపుస్తకాల అనువాదంలో పనిచేసిన ఒక మాస్టారు:

అమ్మా, మాట ఉండనే ఉంది. అంతఃస్ఫోటనం. ఎక్స్‌ప్లోజన్‌కు విస్ఫోటనం, ఇంప్లోజన్‌కు అంతఃస్ఫోటనం. జంటగా చక్కగా అమరుతుంది. భాషాశాస్త్రంలో కూడా, సింధీలో గాలిని లోపలికి తీసుకుంటూ పలికే హల్లులకు ఇలాంటి పేరే వాడతారు. కొత్తది పుట్టించే అవసరం ఏముంది?

నేను:

మాస్టారూ, మీమీద గౌరవంతోనే అంటున్నాను, ఆ మాట క్లాసులో రెండుసార్లు వాడి చూశాను. పిల్లలు దాన్ని "లోపల జరిగిన పేలుడు" అనే అర్థం చేసుకున్నారు. అంతర్యుద్ధం అంటే దేశం లోపల జరిగే యుద్ధం కదా, అలాగే. దిక్కు చెప్పాల్సిన "అంతర్" చోటు చెప్తోంది. పైగా స్ఫోటానికి మూలమైన స్ఫుట్ అన్న ధాతువులోనే విచ్చుకోవడం ఉంది. స్ఫుటం, ప్రస్ఫుటం అన్నీ విప్పారి కనబడేవే. ఒంటి మీద పొంగి లేచే మశూచిని మన పెద్దలు స్ఫోటకం అన్నారు. విచ్చుకోవడానికి ముందు ఏ ఉపసర్గ తగిలించినా అది ముడుచుకోవడం అవుతుందా?

మాస్టారు:

అవుతుందని అనను. కానీ ఒక సంగతి మరిచిపోకు. లోపలి గాలి ఒక్కసారిగా నలిగి, విపరీతంగా వేడెక్కి, తిరిగి బయటకు తంతుంది. నీళ్ళలో ఆ దెబ్బ అల చాలా దూరం వెళ్తుంది. ఆ ఆదివారమే అమెరికా నౌకాదళం పరికరాలు ఒక శబ్దాన్ని పట్టుకున్నాయని తర్వాత చెప్పారు కదా. సంస్కృత వ్యాకరణవేత్తలు చెప్పే స్ఫోట సిద్ధాంతమంతా కూడా శబ్దం గురించే. కాబట్టి స్ఫోటం మరీ పరాయిదేం కాదు.

నేను:

ఇది ఒప్పుకుంటున్నాను. చప్పుడు, తిరుగుదెబ్బ, రెండూ నిజమే. అవి కలిగింది మాత్రం సముద్రం లోపలికి తోసుకొచ్చాకే. మొదటి దెబ్బ ఎవరిదో మాటలో కనబడాలన్నదే నా పట్టు.

మెదక్ వైపు నుంచి ఒక తమ్ముడు:

అక్కా, నాదింకో డౌటు. సబ్‌మెర్సిబుల్ అని వార్తలో వస్తే మా నాయన బోరు మోటరు అనుకున్నడు. మా ఊర్ల ఆ మాటకు వేరే అర్థమే లేదు. దీనికన్న తెలుగు మాట ఉన్నదా?

నేను:

తమ్ముడూ, మీ నాన్నగారు అనుకున్నది మూలంలో సరైనదే. నీళ్ళలో ముంచి వాడేది అనే దాని అర్థం. పత్రికలు జలాంతర్గామి అని రాశాయి, కానీ జలాంతర్గామి తనంత తాను రేవునుంచి బయల్దేరి రేవుకు చేరుతుంది. టైటాన్‌ను పోలార్ ప్రిన్స్ అనే ఓడ తీసుకెళ్ళి దించాలి, మళ్ళీ ఆ ఓడే ఎక్కించుకోవాలి. తల్లి ఓడ లేకుండా అది బతకదు. నేను క్లాసులో "మునక పడవ" అంటున్నాను. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళ మత్స్య-6000 కూడా అలాంటిదే. ముగ్గుర్ని 6,000 మీటర్ల లోతుకు దింపడానికి 80 మిల్లీమీటర్ల మందం ఉన్న టైటానియం గోళం. ఈ మాటలు మనకు ముందు ముందు ఇంకా అవసరపడతాయి.

విశాఖ నుంచి ఒక అక్కయ్య:

వెతకడానికి మాత్రం మనకున్నంత మంచి మాట ఇంకెక్కడా లేదనిపిస్తుంది నాకు. గాలింపు. ఇది గాలిలోంచి వచ్చిందనుకుంటారు చాలామంది. మా అమ్మ బియ్యం గాలించేది. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి, మెల్లగా తిప్పుతూ, పైకి తేలిన బియ్యాన్ని నీళ్ళతో పాటు ఇంకో గిన్నెలోకి వంచేది. అలా ఏడెనిమిది సార్లు చేస్తే అడుగున రాళ్ళు మిగిలేవి. చివర్లో వేలితో తడిమి చూసేది. సముద్రం మీద వాళ్ళు చేసింది ఇదే కదమ్మా. నీళ్ళు తిప్పి తిప్పి, అడుగున ఏం మిగిలిందో చూడ్డం.

నేను:

అక్కయ్యా, ఎంత బాగా చెప్పారు! ఆ నాలుగు రోజుల గాలింపు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పైన సుమారు 26,000 చదరపు కిలోమీటర్ల నీటిని విమానాలూ ఓడలూ వెతికాయి. కెనడా విమానాలు సోనార్ బోయలు, అంటే నీటి కింది చప్పుళ్ళు పట్టే తేలే పరికరాలు, జారవిడిచాయి. ఆ బోయల్లో ఏదో బాదుతున్నట్టు చప్పుళ్ళు వినపడ్డాయని మంగళ, బుధవారాల్లో వార్త వచ్చేసరికి, బతికున్నారేమో అని ఇక్కడ మేం కూడా ఊపిరి బిగబట్టి చూశాం. 96 గంటల ఆక్సిజన్‌లో ఇంకెన్ని గంటలు మిగిలాయో టీవీలు లెక్కపెట్టాయి. గురువారం ఒడిసియస్ అనే రిమోట్ యంత్రం అడుగుకు దిగింది. టైటానిక్ ముందుభాగానికి సుమారు 500 మీటర్ల దూరంలో టైటాన్ తోక భాగం దొరికింది. విన్న చప్పుళ్ళు వాళ్ళవి కావు. అయిదుగురూ ఆదివారమే పోయారు. వాళ్ళలో సులేమాన్ దావూద్‌కి 19 ఏళ్ళు. తండ్రితో కలిసి వెళ్ళాడు.

అందుకే కూడా ఈ మాట నాకు ముఖ్యం. పేలింది అంటే మంట, నొప్పి మనసులోకి వస్తాయి. నీటిలో ఖాళీ బుడగ ఎంతసేపట్లో మూసుకుపోతుందో 1917లోనే లార్డ్ రేలీ లెక్క కట్టారు. 70 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న బుడగ అనుకుని, 330 వాతావరణాల పీడనం వేసి, ఆయన సూత్రంలో నేను సుమారుగా కట్టి చూశాను. మూడు నాలుగు మిల్లీసెకన్లు వచ్చింది. రెప్పపాటుకు 100 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. "రెప్పపాటులో" అన్నా అది చాలా నెమ్మదైన మాటే. నొప్పి మెదడుకు చేరేంత వ్యవధి లేదు. క్లాసులో ఈ ఒక్క సంగతి చెప్పాక పిల్లల మొహాలు కాస్త తేలికపడ్డాయి.

ఇంజినీరింగ్ చదివే ఒక అబ్బాయి:

మేడమ్, "చితికిపోయింది" అంటే సరిపోదా? టమాటా చితికిపోయింది, వేలు చితికిపోయింది అంటాం. బయటి ఒత్తిడే కదా.

నేను:

బాబూ, నాక్కూడా మొదట అదే నచ్చింది. తర్వాత ఆ రేవులో తీసిన ఫొటోలు జాగ్రత్తగా చూశాను. ముందువైపు టైటానియం టోపీ దాదాపు చెక్కుచెదరలేదు. కిటికీ ఉండాల్సిన గుండ్రటి కన్నం మాత్రం ఖాళీగా ఉంది. క్రేన్‌తో ఎత్తడానికి ఆ కన్నంలోంచే తాళ్ళు దూర్చారు. మధ్యలో 12.7 సెంటీమీటర్ల మందంతో ఉండాల్సిన కార్బన్ ఫైబర్ పీపా నుగ్గయిపోయింది. లోహం అయితే సొట్టపడుతుంది, నలుగుతుంది. నార పోగుల్ని జిగురుతో పొరలు పొరలుగా చుట్టి చేసినది అలా కాదు. పోగు లాగితే గట్టిది, నెడితే నిలవదు. తాడుతో బావిలోంచి బిందె లాగగలం, అదే తాడుతో బిందెను కిందికి నెట్టగలమా? పొరలు విడిపోతే ఇక నిలబడేదేం ఉండదు. 2022 జులైలో ఒక మునక తర్వాత పైకి వస్తుండగా పెద్ద చప్పుడు వినిపించిందని, ఆ తర్వాత పీపా మీది కొలతలు మారాయని విచారణలో బయటపడింది. ఆ చప్పుడును ఆ రోజే గట్టిగా పట్టించుకుని ఉంటే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి "చితుకు"లో దిక్కు సరిగ్గా ఉంది, కానీ మెత్తదనం ఎక్కువ. "నుజ్జయింది" అంటే ముక్కలు కనబడతాయి, దిక్కు కనబడదు.

కరీంనగర్ నుంచి ఒక చెల్లెలు:

అక్కా, మా బాపు పాల డెయిరీల ట్యాంకర్లు కడిగేటోడు. వేడి ఆవిరితోటి కడిగి, మూత తీయకుండ చల్లబడనిస్తే ట్యాంకు దానంతటదే లోపలికి పోతది. "ట్యాంకు లోపలికి గుంజుకపోయింది" అంటుండె. ఇంప్లోజన్ అంటే అదే కదా?

నేను:

చెల్లెమ్మా, అదే! నేను అయిదేళ్ళుగా నూనె డబ్బాతో చూపించే ప్రయోగమూ అదే. 15 కిలోల ఖాళీ డబ్బాలో గ్లాసుడు నీళ్ళు పోసి మరిగించి, ఆవిరి బాగా వస్తుండగా దించి, మూత బిగించి, పైన చల్లనీళ్ళు పోస్తాను. లోపలి ఆవిరి నీరైపోతుంది. ఒక్క క్షణం ఏమీ జరగదు, పిల్లలంతా ముందుకు వంగుతారు. అంతలో డబ్బా ఫట్‌మని నడుం విరిగినట్టు నొక్కుకుపోతుంది. డబ్బా ఒక్కో పక్క మీద గాలి 800 కిలోల దాకా నెడుతుంది మరి. అది ఒక్క వాతావరణం పని. టైటాన్ మీద 330కి పైగా.

మీ బాపు మాట చాలా ఇష్టంగా ఉంది, కానీ ఒక్క అనుమానం. గుంజడం అంటే లోపలినుంచి ఎవరో లాగడం. లోపల లాగేవాళ్ళెవరూ లేరు. ఉన్నదల్లా బయటినుంచి నెట్టే గాలి. పిల్లలు సరిగ్గా ఇక్కడే తప్పు చేస్తారు, "వాక్యూమ్ లాగింది" అని రాస్తారు. అయితే మీ బాపు "లోపలికి" అన్నారు చూడండి, ఆ ఒక్క మాట ఏ సంస్కృత ఉపసర్గా చేయలేని పని చేసింది.

మాస్టారు:

అయితే ఏం తేల్చావమ్మా?

నేను:

మాస్టారూ, ఇంతసేపూ మనం నామవాచకం వెతుకుతున్నాం. మన భాషకు ఇలాంటి చోట క్రియ ఒప్పుతుంది, ఆ పని చేసినవాళ్ళెవరో చెప్పడం ఒప్పుతుంది. "టైటాన్ పేలింది" అంటే చేసింది టైటాన్ అయింది. "సముద్రం టైటాన్‌ను చిదిమేసింది" అంటే? చిదమడం అంటే వేళ్ళ మధ్య పెట్టి నాలుగు వైపుల నుంచీ నొక్కేయడం, అదీ ఒక్క పెట్టున. దిక్కు ఉంది, వేగం ఉంది, బలం ఎవరిదో ఉంది. మెత్తదానికీ గట్టిదానికీ సరిపోతుంది. వార్తకు ఇది చాలు. పరీక్షలో నిర్వచనం రాయాల్సిన చోట మీ అంతఃస్ఫోటనమే ఉంచుతాను, పక్కన "బయటి పీడనం వల్ల లోపలికి కూలిపోవడం" అని తప్పకుండా రాయిస్తాను.

ఇంకో అడుగు ముందుకు వేస్తే, ఇంగ్లీషు మాట కూడా మరీ నికార్సయినదేం కాదు. 2022 ఆగస్టులో నోయిడా జంట భవనాల్ని మందుగుండు పెట్టి కూల్చినప్పుడు దాన్నీ ఇంప్లోజన్ అన్నారు. అక్కడ మనవాళ్ళు "పేల్చి కూల్చారు" అని రాశారు. అది నిజానికి దగ్గరి మాట.

ఆ పిల్లాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. మొన్న రోడ్డు మీద కనబడితే, "నీ ప్రశ్న గ్రూపులో పెడుతున్నానురా" అన్నాను. "మరి దాన్లో బాంబు లేదని రాశారా టీచర్?" అని అడిగాడు. రాశాను.