ఆవు–పులి కథకు పిల్లలు ఏడిస్తే ఎట్ల?

ప్రశ్న (హన్మకొండ): ఆవు దూడకు బుద్ధులు చెప్పే కాడికి రాంగనే ఆరేండ్ల పిల్లలు వెక్కివెక్కి ఏడుస్తరు. కథ ఆపాల్నా? ‘బలగం’ సినిమా చూపియ్యొచ్చా?

జవాబు: ఆపకుండ్రి. అక్కడ ఆపితే దూడ తల్లిలేనిదిగనే మనసుల మిగిలిపోతది. పులి ఆవును వదిలేసేదాకా చెప్పాలె. అసలు ఆ కథల ఆవు సావనే సావది; అప్పగింతలు వింటుంటే అమ్మ పోతున్నదని పిల్లలకు సమజైతది, అందుకే ఏడుపు. పండుకునేటప్పుడు వద్దు, అన్నం ముందు చెప్పుండ్రి.

జవాబు: అవును, కథ ఆపొద్దు. అట్లనే ఇంట్ల ఎవలన్న పోతే ‘నిద్రపోయిండు’ అనకుండ్రి, పండుకోవాలంటేనే భయపడ్తరు. సచ్చిపోయిండు, ఇగ రాడు అని సాఫ్‌గ చెప్పాలె.

జవాబు: ‘బలగం’ల పిట్ట ముట్టకపోవుడు (సచ్చిపోయినోళ్లకు పెట్టిన ముద్దను కాకి తినకపోవుడు) ఏందో ముందుగాల చెప్పుండ్రి, లేకుంటే కాకి దిక్కే చూస్తరు. ఆఖరికి మన వరంగల్ జిల్లా జానపద కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాడే కాడ పెద్దోళ్లే ఆగరు. పాట కాంగనే ఆపి, మంచినీళ్లు తాపుండ్రి.