సంకర ఆవులకు పుట్టిన కోడెదూడలను ఏం చేస్తున్నారు?

అద్దంకి రైతు:
నాన్న హయాంలో మా ఇంట్లో ఒంగోలు ఆవులే. పూటకు రెండు లీటర్లు కూడా రావట్లేదని, పాలు ఎక్కువిచ్చే విదేశీ జాతి జెర్సీ సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాం. మొదట పుట్టిన పెయ్య రోజుకు పది లీటర్లు ఇచ్చింది, ఇల్లు నిలబడింది. దాని బిడ్డకూ జెర్సీయే వేయించాం, ఆ బిడ్డకూ అదే. ఇప్పుడున్నది మూడో తరం ఆవు. మొన్న ఈనింది, మళ్లీ కోడెదూడే, వరసగా ఇది మూడోది. వీపు మీద చెయ్యి వేస్తే మూపురం ఉండాల్సిన చోట చదునుగా తగులుతోంది. కొనేవాళ్లు లేరు. వదిలేయడానికి మనసొప్పట్లేదు. మీరేం చేస్తున్నారు?

వినుకొండ పాడి:
అన్నా, మాదీ అదే బాధ. మూపురం లేకపోతే కాడి మెడ మీద సరిగా నిలవదు. మేం ఒక జతను దుక్కికి అలవాటు చేద్దామని చూశాం. పొద్దున బాగానే నడిచాయి. పదకొండు గంటలకల్లా ఒకటి నాలుక బయటపెట్టి, నురగ కారుస్తూ చాల్లోనే కూలబడింది. నీళ్లు పోసి చెట్టు కిందికి తెచ్చేసరికి మాకు ప్రాణం పోయినంత పనయింది. ట్రాక్టర్ వచ్చాక ఎద్దులకే గిరాకీ తగ్గింది, ఇక వీటినెవరడుగుతారు? మా ఊళ్లో రాత్రిళ్లు చెరువు కట్ట దగ్గర వదిలేసి పోతున్నారు.

పశువైద్యుడు (రిటైర్డ్):
అద్దంకి రైతు గారూ, మీ మూడు తరాల లెక్క చూడండి. మొదటి పెయ్యలో జెర్సీ రక్తం సగం. రెండు జాతులు కలిసిన ఆ మొదటి తరంలో పాలూ ఉంటాయి, తట్టుకునే శక్తీ ఉంటుంది. దాని బిడ్డలో 75 శాతం, ఇప్పటి ఆవులో 87.5. మన ఎండలకు సగం నుంచి 62.5 శాతం దాకా చాలని మేం చదువుకున్నాం. అది దాటితే ఎండ, పిడుదుల జ్వరం, పొదుగువాపు, చూడి నిలవకపోవడం, అన్నీ మీద పడతాయి. కానీ ఏ ఆవులో ఎంత రక్తం ఉందో రైతు ఇంట్లో రాసి పెట్టిందెవరు? ఎదకు వచ్చిందంటే వెళ్లాం, ఉన్న సూది వేశాం. నేనూ అలా వేసినవాణ్నే, ఈ మాట బాధతో రాస్తున్నాను.

జగిత్యాల:
పిడుదుల జ్వరం మాట నిజం సార్. పోయిన వానకాలం మా ఆవుకు 106 జ్వరం, భుజం ముందర నిమ్మకాయంత గడ్డ, కనురెప్ప తిప్పి చూస్తే తెల్లగా పాలిపోయింది. థైలేరియా అన్నారు. నాలుగో రోజు పోయింది. అదే కొట్టంలో ఉన్న నాటావుకు ఏమీ కాలేదు.

చిత్తూరు అక్క:
జెర్సీని పూర్తిగా తప్పుపట్టకండి. మా ఇద్దరు పిల్లల ఫీజులు ఆ పాలతోనే కట్టాను. పెయ్యలే పుట్టే సూది ఇప్పుడు దొరుకుతోంది, పదింట తొమ్మిది పెయ్యలే అంటారు. నేను రెండుసార్లు వేయించాను, రెండూ పెయ్యలే. కాకపోతే మామూలు సూదికన్నా చూడి తక్కువగా నిలుస్తుంది, ఆవు ఆరోగ్యంగా ఉంటేనే వేయించండి.

పశువైద్యుడు (రిటైర్డ్):
అమ్మా, మంచి సలహా. అయితే అందులోనూ జెర్సీయే వేయిస్తే రక్తం ఇంకా పెరుగుతుంది. 2019 పశుగణనలో దేశంలో సంకర, విదేశీ పశువులు 5 కోట్లు దాటాయి, 2012తో పోలిస్తే నాటు పశువులు 6 శాతం తగ్గాయి. బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతినే నెల్లూరు పేరు మీద నెలోర్ అని పిలుస్తూ మందలు పెంచుకుంటున్నారు. ఇక్కడ మంచి ఒంగోలు కోడె కోసం ఊళ్లు తిరగాల్సి వస్తోంది. అద్దంకి రైతు గారూ, ఈసారి ఎదకు వస్తే ఒంగోలు సూది అడగండి. పుట్టే దూడలో జెర్సీ రక్తం దాదాపు 44 శాతానికి దిగుతుంది. పాలు కొంత తగ్గుతాయి, ముందే చెబుతున్నాను.

అద్దంకి రైతు:
తగ్గినా ఫర్వాలేదు డాక్టరు గారూ, ఒంగోలే వేయిస్తాను. మూడు తరాల వివరాలు ఇవాళే నోటు పుస్తకంలో రాశాను. ఈ కోడెదూడకు పూటకు లీటరు పాలు వదులుతున్నాం. గడ్డి కొరకడం మొదలుపెట్టాక ఎరువు కోసం పెట్టుకునేవాళ్లు ఎవరైనా మా చుట్టుపక్కల ఉంటే చెప్పండి, ఊరికే ఇస్తాను.