చర్చ: అణుబాంబు మనకు శాంతిని ఇచ్చిందా, చిన్న యుద్ధాలకు తలుపు తీసిందా?

పర్లాకిమిడి మాస్టారు:
1947-48, 1965, 1971లలో మనకూ పాకిస్తాన్‌కూ యుద్ధాలు జరిగాయి. 1998 మే 11, 13 తేదీల్లో మనం పోఖ్రాన్‌లోనూ, అదే నెల 28, 30 తేదీల్లో వారు బలూచిస్తాన్‌లోనూ అణు పరీక్షలు జరిపిన తరువాత పెద్ద యుద్ధం ఒక్కటీ జరగలేదు. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి జరిగినప్పుడు కూడా రెండు సైన్యాలు సుమారు పది నెలలు ఎదురెదురుగా నిలిచి, చివరికి వెనుదిరిగాయి. తన గడ్డపై ఉన్న సుమారు 1,900 వ్యూహాత్మక అణ్వస్త్రాలను వదులుకుంటానని ఉక్రెయిన్ 1994లో బుడాపెస్ట్‌లో సంతకం చేస్తే, దానికి 2014లో క్రిమియా పోయింది, 2022లో దేశమంతా మంటల్లో పడింది. 2003లో అణు కార్యక్రమాన్ని మానుకున్న లిబియా పాలకుడు గడాఫీ 2011లో ఎలా పోయాడో లోకమంతా చూసింది. బాంబు పనికిరాదనే మన వేదిక మిత్రులు దీనికి జవాబు చెప్పాలి.

జయపురం వాసి:
మాస్టారూ, 1999లో కార్గిల్‌లో జరిగినదాన్ని మీరు ఏమని పిలుస్తారు? పరీక్షలు జరిగి ఏడాది తిరగకముందే పాకిస్తాన్ సైనికులు నియంత్రణ రేఖ దాటి శిఖరాలు ఎక్కి కూర్చున్నారు. వారిని దించడానికి మన సైనికులు 527 మంది ప్రాణాలిచ్చారు. పైస్థాయిలో అణుయుద్ధం అసాధ్యమైతే కింది స్థాయిలో చిన్న దాడులకు ధైర్యం పెరుగుతుందని గ్లెన్ స్నైడర్ అనే అమెరికన్ పండితుడు 1965లోనే రాశాడు. బాంబు ఉన్న ఇజ్రాయెల్‌పై 1973లో ఈజిప్టు, సిరియా దాడి చేశాయి. బాంబు ఉన్న బ్రిటన్ నుంచి 1982లో అర్జెంటీనా ఫాక్‌లాండ్స్ దీవులను లాక్కుంది. ఇక ఉక్రెయిన్ సంగతికి వస్తే, ఆ అస్త్రాలు దాని గడ్డపై ఉన్నాయే తప్ప ప్రయోగించే సంకేతాలు మాస్కో చేతిలోనే ఉండేవి.

పర్లాకిమిడి మాస్టారు:
నేను "పెద్ద యుద్ధం" అన్నాను. దయచేసి నా వాక్యాన్ని పూర్తిగా చదవండి. కార్గిల్ ఒక పరిమిత ప్రాంతంలో జరిగిన పోరాటం. మన వాయుసేన సైతం నియంత్రణ రేఖ దాటకూడదన్న ఆజ్ఞతోనే ఎగిరింది. ఆ నిగ్రహం ఎక్కడి నుంచి వచ్చిందని మీరు అనుకుంటున్నారు?

ఛత్రపురం కుర్రాడు:
527 మంది పోతే అది చిన్నదా, మాస్టారూ?

జయపురం వాసి:
ఆ నిగ్రహమే శత్రువుకు కవచమైంది. మీరు చెప్పేది నిజమే కావచ్చు, కానీ అది నా వాదనకే బలం.

పర్లాకిమిడి మాస్టారు:
1965లో టాంకులు లాహోరు వాకిట నిలిచాయి. 1971లో ఒక దేశమే రెండయింది. వాటి పక్కన పెట్టి చూస్తే కార్గిల్‌ను పెద్ద యుద్ధం అనడం లెక్క తప్పడమే.

గుణుపురం రైతుబిడ్డ:
నేను మామూలుగా ఇక్కడ రాయను. మీరు "ఎదురెదురుగా నిలిచి వెనుదిరిగాయి" అని ఒక్క ముక్కలో తేల్చేసిన ఆ పది నెలల్లో మా తమ్ముడు రాజస్థాన్ సరిహద్దులో మందుపాతరలు పాతే దళంలో ఉన్నాడు. యుద్ధం రాలేదు, ఒక్క తూటా పేలలేదు, వాడి ఎడమ కాలు మాత్రం మోకాలి కింద నుంచి పోయింది. వికలాంగ పింఛను కోసం ఒక కార్యాలయం చుట్టూ మా నాన్న ఏళ్ల తరబడి తిరిగాడు. వెళ్లిన ప్రతిసారీ పేరులో ఒక అక్షరం తేడా ఉందని కాగితం తిప్పి పంపేవారు. మీ శాంతి లెక్కలో వాడు ఏ గడిలో వస్తాడు?

పర్లాకిమిడి మాస్టారు:
మీ తమ్ముడి పట్ల నాకు గౌరవం ఉంది. కానీ పింఛను వేరు, వ్యూహం వేరు. వ్యక్తిగత బాధలను తెచ్చి పెడితే చర్చ సాగదు.

గుణుపురం రైతుబిడ్డ:
సాగకపోతే ఆపేయండి. పది నెలలు లక్షల మందిని ఇసుకలో నిలబెట్టింది మీరు పొగుడుతున్న వ్యూహమే కదా!

గోపాలపూర్ నావికుడు:
అణు జలాంతర్గామి అరిఘాత్ 2024 ఆగస్టులో విశాఖలోనే సేవలో చేరింది. రేపు ఏదైనా జరిగితే శత్రువు గురి ఎటు ఉంటుందో బరంపురం వాళ్లు కూడా ఆలోచించాలి.

జయపురం వాసి:
పొరపాటు మాటేమిటి? 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లోని మియాఁ చన్నూ దగ్గర పడింది. దానిలో వార్‌హెడ్ లేదు కాబట్టి సరిపోయింది. 1983 సెప్టెంబరులో సోవియట్ ఉపగ్రహ హెచ్చరిక కేంద్రంలో అమెరికా క్షిపణులు వస్తున్నాయని యంత్రం చెప్పినా, పెట్రోవ్ అనే అధికారి దాన్ని నమ్మలేదు. అతని స్థానంలో ఆ రాత్రి మరొకరు ఉండి ఉంటే?

పర్లాకిమిడి మాస్టారు:
సరే, అసలు విషయం చెబుతాను. 1971 డిసెంబరులో అమెరికా ఏడవ నౌకాదళం మన బంగాళాఖాతంలోకి వచ్చినప్పుడు నేను కళాశాల విద్యార్థిని. రేడియో చుట్టూ మూగి మేము అనుభవించిన నిస్సహాయతను మీరు ఊహించలేరు. 1964లోనే చైనా బాంబు పేల్చింది, మన చేతిలో ఏమీ లేదు. చిన్న దాడులు పెరిగాయా తగ్గాయా అన్న లెక్క నాకు రెండవది. ఎవరూ మనల్ని ఆ విధంగా బెదిరించలేకపోవడమే మొదటిది.

జయపురం వాసి:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే కార్గిల్‌ను కొలుస్తూ ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. మీకు కావలసింది తల వంచకుండా ఉండటం. నేను అడుగుతున్నది ఆ తల నిలపడానికి ఎవరి కాళ్లు పోతున్నాయని. ఒక్కటి చెప్పండి: మొదట ప్రయోగించబోమని 2003 జనవరిలో ప్రభుత్వం ప్రకటించిన విధానాన్ని రేపు ఎత్తేస్తే మీరు సమర్థిస్తారా?

పర్లాకిమిడి మాస్టారు:
సమర్థించను. ఆ నియమం లేకపోతే సంక్షోభ సమయంలో ముందు ఎవరు మీట నొక్కుతారన్న భయంతో ఇరుపక్షాలూ తొందరపడతాయి. కానీ "పెద్ద యుద్ధం" అన్న మాటను నేను వెనక్కు తీసుకోను.

గుణుపురం రైతుబిడ్డ:
నేనూ నా ప్రశ్నను వెనక్కు తీసుకోవడం లేదు, మాస్టారూ. ఏ గడి?