డెంగీ, మలేరియా ఇన్‌పేషెంట్లు: ప్లేట్‌లెట్ల కన్నా ముందు ఏం చూడాలి?

వార్డు_సిస్టర్: డెంగీ అడ్మిషన్లలో బంధువులు పొద్దున్నే అడిగేది ప్లేట్‌లెట్లు ఎంతకొచ్చాయనే. రౌండ్స్‌లోనూ చర్చ అక్కడే ఆగుతోంది. కేస్ షీట్‌లో మీరు ముందు చూసేది ఏది?

ఫిజీషియన్_ఎండీ: హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), పల్స్ ప్రెషర్ (బీపీ పై, కింది అంకెల తేడా). ప్లేట్‌లెట్లు ఆ తర్వాతే. డెంగీలో ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చేది రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, కారిపోవడం. జ్వరం వచ్చిన 3–7 రోజుల మధ్య, సరిగ్గా టెంపరేచర్ దిగుతున్నప్పుడు మొదలై 24–48 గంటలు నడుస్తుంది. అంటే “జ్వరం పోయింది, ఇంటికి పంపండి” అని ఇంట్లోవాళ్లు అడిగే రోజే అసలు గండం. హెమటోక్రిట్ 40 నుంచి 48కి వెళ్లిందంటే 20 శాతం పెరిగినట్టు, రక్తం చిక్కబడుతోంది. బీపీ 100/84 ఉంటే పై అంకె చూసి ఊరుకోకండి. తేడా 16 మాత్రమే. 20కి దిగినా, అంతకన్నా తగ్గినా షాక్ కిందే లెక్క. చేతులు చల్లబడ్డాయా, గోరు నొక్కి వదిలితే రంగు 2 సెకన్లలో వస్తోందా కూడా చూడాలి.

వార్డు_సిస్టర్: సెలైన్ ఎంత వేగంతో పెట్టాలండీ?

ఫిజీషియన్_ఎండీ: షాక్ లేకుండా ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల రక్తం, మగత లాంటివి ఉండి, నోటితో తాగలేకపోతే నార్మల్ సెలైన్ లేదా రింగర్ లాక్టేట్ గంటకు కిలో బరువుకి 5–7 మి.లీ. చొప్పున 1–2 గంటలు, తర్వాత 3–5 చొప్పున 2–4 గంటలు, ఆపైన 2–3. వేగం మార్చే ముందు హెమటోక్రిట్ మళ్లీ చూడాలి. లీకేజీ ఆగాక కూడా బాటిళ్లు ఎక్కిస్తూ పోవడం పెద్ద తప్పు. కారిన ద్రవం రక్తంలోకి తిరిగొచ్చే సమయంలో మనం పోసింది ఊపిరితిత్తులకు చేరి ఆయాసం వస్తుంది. హెమటోక్రిట్ పడుతూ పేషెంట్ కూడా దిగజారుతుంటే లోపల రక్తస్రావమేమో చూడండి, అప్పుడు కావాల్సింది రక్తం. రక్తస్రావం లేనివాళ్లకు అంకె కోసం ప్లేట్‌లెట్లు ఎక్కించడం దండగ.

ల్యాబ్_మైక్రోస్కోప్: ప్లేట్‌లెట్లు 60 వేలనగానే డెంగీ అనేయకండి, మలేరియాలోనూ అలాగే పడతాయి. చలివణుకు, కామెర్లు, రక్తహీనత ఉంటే స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూడటం) చేయాల్సిందే. ఒకసారి నెగటివ్ వచ్చినా 12–24 గంటల తేడాతో మూడుసార్లు చూడండి. ప్రమాదకరమైన మలేరియా రకం ఫాల్సిపారంలో ముదిరిన పరాన్నజీవులున్న కణాలు చిన్న రక్తనాళాల గోడలకు అతుక్కుంటాయి, వేలి చుక్కలో దొరకవు. డెంగీకి రక్తపరీక్షలైతే మొదటి 5 రోజుల్లో ఎన్‌ఎస్1 (వైరస్ ప్రొటీన్), ఆ తర్వాత ఐజీఎం (యాంటీబాడీ).

ఐసీయూ_డ్యూటీ: ఫాల్సిపారం పేషెంట్ స్పృహ తప్పుతుంటే ముందు గ్లూకోజ్ చూడండి. మలేరియా ఇంజెక్షన్ ఆర్టిసునేట్ కిలో బరువుకి 2.4 మి.గ్రా., 20 కిలోల లోపు పిల్లలకు 3 మి.గ్రా., 0, 12, 24 గంటలకు. డెంగీ అలవాటులో సెలైన్ గబగబా ఎక్కించొద్దు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. డిశ్చార్జ్ తర్వాత 4 వారాల వరకు హిమోగ్లోబిన్ చూస్తుండాలి, ఆలస్యంగా రక్తకణాలు విరిగిపోవచ్చు.

కీళ్ల_ఓపీ: మణికట్లు, వేళ్లు, చీలమండలు రెండువైపులా పట్టేస్తే చికున్‌గున్యా వైపు ఆలోచించండి. అయినా డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు వద్దు. పారాసిటమాల్ చాలు.

వార్డు_సిస్టర్: మరి డెంగీలో డిశ్చార్జ్?

ఫిజీషియన్_ఎండీ: 48 గంటలుగా జ్వరం లేదు, ఆకలేస్తోంది, మూత్రం బాగా వస్తోంది, ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయి, సెలైన్ ఆపాక కూడా హెమటోక్రిట్ కదల్లేదు. ఇవన్నీ ఉంటే పంపేయొచ్చు.