ఇంట్లో బీరు: కూలర్ మ్యాష్ టన్‌లో ఎఫిషియెన్సీ (మాల్ట్ నుంచి రాగల చక్కెరలో చేతికొచ్చే వాటా) 62 శాతం దాటట్లేదు, ఎక్కడ పోతోంది?

నురగరాజు:
ఐస్ పెట్టుకునే కూలర్ డబ్బానే మ్యాష్ టన్‌గా వాడుతున్నా, అడుగున స్టీల్ జాలీ గొట్టం పెట్టుకుని మ్యాష్ చేస్తున్నా, అంటే ఆడించిన మాల్ట్‌ని (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వేడినీళ్లలో నానబెడుతున్నా. 5 కిలోల పేల్ మాల్ట్, 15 లీటర్ల నీళ్లు, 67 డిగ్రీల దగ్గర గంట, తర్వాత పదహారున్నర లీటర్లు ఒకేసారి పోసి స్పార్జ్ (మాల్ట్‌లో మిగిలిన చక్కెరని వేడినీళ్లతో కడగడం). కెటిల్‌లోకి (మరిగించే గిన్నె) 25 లీటర్లు వస్తున్నాయి గానీ మరిగించక ముందు గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే సాంద్రత, చక్కెర ఎక్కువైతే ఇదీ పెరుగుతుంది) 1.037 మించట్లేదు, రెసిపీ ప్రకారం 1.045 రావాలి. కూలర్ వేడి బానే ఆపుతోంది, గంటలో ఒక డిగ్రీ కూడా పడట్లా. స్పార్జ్ రెండుసార్లు చేయాలా, ఫ్లై స్పార్జ్‌కి (పైనుంచి నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ కింద కార్చడం) మారాలా?

పాతకెటిల్:
ఫ్లై స్పార్జ్ జోలికి పోకు తమ్ముడూ, జాలీ గొట్టంతో అది చేస్తే నీళ్లు గొట్టం దగ్గర దారి చేసుకుని దిగిపోతాయి, పక్కన ఉన్న మాల్ట్‌లో తీపి అలాగే మిగిలిపోతుంది. ముందు ఇది చెప్పు, స్పార్జ్ నీళ్లు పోయకముందు కారే మొదటి వోర్ట్ (మాల్ట్ నుంచి వచ్చే తీపి ద్రవం) గ్రావిటీ ఎంత? కిలోకి 3 లీటర్ల లెక్కన పోశావు కాబట్టి మాల్ట్‌లోని పిండి అంతా చక్కెరగా మారితే అది 1.084 దగ్గర ఉండాలి. అంత ఉంటే పోయేది కడగడంలో. బాగా తక్కువుంటే మాత్రం చక్కెర తయారే కాలేదన్నమాట, ఎన్నిసార్లు కడిగినా రాదు. శాంపిల్ 20 డిగ్రీలకి చల్లార్చి చూడు, వేడి మీద హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే సాధనం) తక్కువ చూపిస్తుంది.

నురగరాజు:
ఇవాళ్టి బ్యాచ్‌లో చూశా అన్నా, చల్లార్చాకే, 1.062.

మాల్ట్‌పిచ్చి:
ఇంకేముంది, దొంగ దొరికినట్టే, 1.084కి ఇంత తక్కువంటే చక్కెరే సరిగా తయారవట్లేదు, మాల్ట్ సరిగా పగలట్లేదేమో. మాల్ట్ కొట్టులోనే ఆడించి ఇస్తున్నారా? గుప్పెడు తీసి తెల్ల ప్లేట్‌లో పరిచి చూడండి, పగలని గింజ ఒక్కటి కూడా కనపడకూడదు, పొట్టు మాత్రం పెద్ద పెద్ద ముక్కలుగా ఉండాలి ఎందుకంటే వోర్ట్‌ని వడకట్టేది అదే. సొంత మిల్లు ఉంటే గ్యాప్ 1 ఎం.ఎం. నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా తగ్గించండి, గేజ్ లేకపోతే ఏటీఎం కార్డు 0.76 ఎం.ఎం. మందం ఉంటుంది, అది కాస్త వదులుగా దూరితే చాలు. మరీ మెత్తగా ఆడిస్తే వోర్ట్ కారడం ఆగిపోతుంది, అలాంటప్పుడు వరి ఊక రెండు గుప్పెళ్లు కలపండి.

పాతకెటిల్:
నాదీ అదే మాట. క్రష్ (మాల్ట్ ఆడించిన తీరు) బాగుండి కూడా 1.084 రాకపోతే మ్యాష్ పీహెచ్ చూడు, 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి, నీళ్లలో ఆల్కలినిటీ (క్షారగుణం) ఎక్కువుంటే ఒట్టి పేల్ మాల్ట్‌తో అది పైకే పోతుంది, లాక్టిక్ యాసిడ్ చుక్కలు చుక్కలుగా వేసి దించొచ్చు. మాల్ట్ పోసేటప్పుడు ఉండలు కట్టకుండా అడుగు దాకా కలపాలి, మధ్యలో మూత తీసి ఇంకోసారి కలిపినా నష్టం లేదు, ఒక డిగ్రీ పోతే పోయింది.
నీ స్పార్జ్ ప్రశ్నకి: రెండుగా చేస్తే వచ్చేది 3, 4 శాతమే. మొదటిసారి ఎనిమిదిన్నర లీటర్లు కారుతోందిగా, మిగతాది ఎనిమిదేసి లీటర్ల చొప్పున పోసి ప్రతిసారీ బాగా కలిపి కార్చు. నీళ్లు 76 డిగ్రీలు దాటనీయకు.

నురగరాజు:
ప్లేట్‌లో పోసి చూశా, పదింటికి రెండు మూడు గింజలు చెక్కుచెదరకుండా ఉన్నాయి 😐 కొట్టువాళ్ల చేత రెండోసారి ఆడిస్తే సరిపోద్దా, మిల్లే కొనాలా?

మాల్ట్‌పిచ్చి:
ముందు రెండోసారి ఆడించండి, మిల్లు సంగతి తర్వాత. స్పార్జ్ మాత్రం ఈసారికి మార్చొద్దు, రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల పెరిగిందో తెలీదు. మొదటి వోర్ట్ ఎంత వచ్చిందో ఇక్కడే పెట్టండి.